తెల్లవారుజామున అందుకోని వ్యాను

పల్లె పరిచర్య ఉన్న ప్రతి పాస్టరేటుకూ ఒక బండి కావాలి. బండి ఉన్న ప్రతి పాస్టరేటులోనూ కమిటీ కూడినప్పుడల్లా ఆ బండి గురించి ఒక తగాదా ఉంటుంది. డీజిలు ఎక్కువ తాగిందని ఒకరు, టైర్లు తొందరగా అరిగాయని ఒకరు, డ్రైవరు మాట వినడని మరొకరు. మా సికింద్రాబాదు సంఘములో 1994 నవంబరులో వచ్చిన తగాదా మాత్రము ఒక మనిషి జీవనోపాధి దాకా, పల్లెటూరి అమ్మలు కూడబెట్టిన సొమ్ము దాకా వెళ్ళింది. డీజిలు ఇంజను పొద్దున్నే ఎందుకు అందుకోదో తెలిసి ఉంటే అంత దూరము పోవలసిన పని లేదు. ట్రాక్టరో, వ్యానో, బావి దగ్గర ఆయిల్ ఇంజనో ఉన్న మన కుటుంబములకు ఇది పనికివస్తుందని వివరముగా రాస్తున్నాను.

మా వ్యాను పాతది. నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను, వెనుక ఎదురెదురుగా రెండు పొడవాటి బల్లలు, పైన సామాను కట్టుకునే కడ్డీలు. ఆదివారము తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి బాలానగర్, దుండిగల్ మీదుగా నర్సాపూర్ అడవి దాటి మెదక్ దారిలోని పల్లెలకు వెళ్ళేది. ఇప్పుడది జాతీయ రహదారి. అప్పుడు ఎదురుగా లారీ వస్తే మన బండి మట్టిలోకి దిగాల్సిందే. పోయేటప్పుడు పాటల పుస్తకాలు, డోలక్, సంస్కారపు ఆరాధన సామగ్రి, మందుల పెట్టె. వచ్చేటప్పుడు పట్నంలో ఆసుపత్రికి చేరవలసిన రోగులు, ఒక్కోసారి నెలలు నిండిన ఆడకూతుళ్ళు. ఆ ఏడు ఇంకొక మాట కూడా ఇచ్చి ఉన్నాము. మెదక్ మహాదేవాలయము ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. సరిగ్గా డెబ్బయి ఏళ్ళు నిండే ఆ క్రిస్మసు ఆదివారము నాడే పడింది. పాస్నెట్ దొరగారి కాలపు కరువును, గుడి కట్టడాన్ని తల్లిదండ్రుల నోట విన్న ముసలివాళ్ళు మూడు పల్లెల్లో ఉన్నారు. వాళ్ళను ఆ దినము మెదక్ తీసుకుపోతామని అయ్యగారు చెప్పి వచ్చారు.

అలాంటి సమయములో వ్యాను మొరాయించింది. సెల్ఫ్ కొడితే గరగరమని తిరుగుతుంది గాని అందుకోదు. వెనుక గొట్టములోనుండి తెల్లని పొగ. నాలుగైదు సార్లకు అందుకున్నా బండి మొత్తము చలిజ్వరము వచ్చినట్టు వణికేది. ఒకటి రెండు నిమిషాలకు వణుకు తగ్గి, పొగ పోయి, మామూలుగా నడిచేది. కొన్ని రోజులు వేరే రకము. వెంటనే అందుకుని, అయిదు క్షణాలు నడిచి, గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది. ఆ తరువాత ఎంత కొట్టినా పలుకు లేదు, పొగ కూడా లేదు.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బానెట్టు ఎత్తి, పొగ చూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజను పోయింది, కంప్రెషన్ లేదు, బోరు చేసి పిస్టన్లు, రింగులు మార్చాలి" అన్నారు. పద్నాలుగు వేల రూపాయలకు చీటీ రాసి ఇచ్చారు. ఏ కొలతా తీయలేదు. సంఘములో అప్పుడున్నది పదకొండు వేల చిల్లర. అదీ పిడికెడు బియ్యపు నిధి. మన పల్లె సంఘములలో పుట్టి పెరిగినవారికి దానిని గురించి చెప్పనక్కరలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంటి తల్లి ఒక పిడికెడు బియ్యము తీసి వేరే ముంతలో వేస్తుంది. ఆదివారము ఆ ముంత గుడికి వస్తుంది. అట్లా రెండేళ్ళు కూడిన సొమ్ము ఒక ఊరి ప్రార్థన మందిరమునకు రేకులు వేయడానికి దాచినది.

రెండవ సంగతి ఇంకా బాధాకరమైనది. బండి డీజిలు ఎక్కువ తాగుతున్నది. లీటరుకు పది కిలోమీటర్లు వచ్చేది ఎనిమిదికి దిగింది. డ్రైవరు ఈ మధ్య బండిని మందిరము ఆవరణలో పెట్టక, బయట రోడ్డు వాలులో ఆపుతున్నాడు. కోశాధికారిగారు ఈ రెండూ కలిపారు. డీజిలు తీసి అమ్ముకుంటున్నాడు, ఎవరికీ కనబడకుండా బయట పెడుతున్నాడు అన్నారు. ఆయన చెడ్డవారు కారు. సంఘము సొమ్ములో ఒక్క రూపాయికి లెక్క తప్పితే రాత్రి నిద్రపోని మనిషి. కాని ఆయన మాట ఆదివారము నాటికి బల్లల వరుసలన్నీ తిరిగింది. డిసెంబరు ఒకటి నుండి డ్రైవరును మాన్పించాలని, ఇంజను విప్పించాలని కమిటీ తీర్మానము చేసి మినిట్సులో రాసింది.

అప్పుడు అయ్యగారు యోహాను సువార్త 7వ అధ్యాయములోని నికొదేమును గుర్తు చేశారు. అధికారులందరూ ఒకవైపు ఉన్నప్పుడు, ఒక మనిషి చెప్పేది వినకుండా, అతడు చేసినది తెలుసుకోకుండా తీర్పు చెప్పడము మన ధర్మశాస్త్రమునకు తగునా అని అడిగినవాడు ఆయన ఒక్కడే. నేను రైల్వే డీజిలు షెడ్డులో పనిచేసినవాడిని గనుక, ఒక వారము గడువిచ్చి, విప్పకముందు ఒకసారి చూడమని నాకు అప్పగించారు.

ముందు ఇంజను సంగతి చెప్పాలి. పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టము అడుగున చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, అదే సూత్రము. పిస్టను గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. అంత నొక్కిన గాలి అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. దానిలోకి నాజిలు డీజిలును మంచుపొగలాగా చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరుకు దీనికి పేటెంటు దొరికింది 1893లో. ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను సరిగ్గా నడిచి చూపింది 1897లో. ఆ నాలుగేళ్ళు ఆయన కూడా స్టార్టు కాని ఇంజనుతోనే కుస్తీ పట్టాడు.

కాబట్టి డీజిలు ఇంజను అందుకోవాలంటే మూడే కావాలి. తగినంత వేగముగా తిరగాలి, గాలి కలవని డీజిలు రావాలి, వేడి పుట్టాలి. ఏది లేదో పొగే చెబుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నా పొగ బొత్తిగా రాకపోతే డీజిలు సిలిండరుకు చేరడము లేదు. తెల్లని పొగ వస్తుంటే డీజిలు చేరుతున్నది గాని కాలడము లేదు, అంటే వేడి చాలలేదు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది, ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది, అప్పుడే రింగుల మాట ఎత్తాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. మా బండిలో నీలిపొగ ఎన్నడూ లేదు. వర్క్‌షాపువారు ఇది గమనించి ఉండవలసింది.

మొదటి రోజు నేను ఒక్క బోల్టు కూడా విప్పలేదు. డ్రైవరును కూర్చోబెట్టి, "తమ్మీ, మొదటినుంచి చెప్పు" అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. అతని ముఖము చూస్తే తెలిసింది, బండి గురించి అడుగుతున్నానో దొంగతనము గురించి అడుగుతున్నానో అతనికి అర్థము కాలేదని. తరువాత సీటు కిందనుండి ఒక చిన్న పుస్తకము తీశాడు. కిరాణా దుకాణాల్లో ఖాతా రాసుకునే పొడుగాటి పుస్తకము. పెద్దగా చదువుకోలేదు గాని ప్రతిరోజూ రాశాడు. తేదీ, మీటరు అంకె, పోసిన డీజిలు, ఎన్ని సెల్ఫులకు అందుకుంది, బండి ఎక్కడ ఆపాడు. "సార్, చల్లగుంటె పట్టదు. ఎండొచ్చినంక ఒక్క సెల్ఫుకే పడ్తది. గుడి లోపల పెడ్తె పట్టి బందైతది. బయట వాలుల పెడ్తె బందు గాదు. గందుకే బయట పెడ్తున్న" అన్నాడు.

నాకు తెలిసిన ఏ యంత్రపరీక్ష కంటె ఆ పుస్తకము ఎక్కువ చెప్పింది. దానిలో ఒకటి కాదు, రెండు జబ్బులు కనబడుతున్నాయి. తెల్లపొగ, వణుకు వచ్చే రోజులన్నీ చలి రోజులు. బోయినపల్లి, తిరుమలగిరి వైపు డిసెంబరు చలి మనకు తెలిసిందే. మధ్యాహ్నము ఒక్కసారి కూడా ఆ బాధ లేదు. రింగులు అరిగిపోయి కంప్రెషన్ లేకపోతే చలిలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది నిజమే, కాని ఆయిలు కూడా తాగుతుంది. ఆయిలు పోసినట్టు పుస్తకములో ఎక్కడో ఒకటి రెండు చోట్ల తప్ప లేదు. ఇక అందుకుని ఆగిపోయే రోజులకు చలితో సంబంధము లేదు, బండి ఎటు వంగి ఉన్నదన్న దానితోనే సంబంధము. మా ఆవరణలో నేల గేటు నుండి మందిరము వైపు ఎత్తుగా ఉంటుంది. లోపలికి వచ్చి ఆపితే బండి ముక్కు పైకి, వెనుక ట్యాంకు కిందికి ఉంటుంది. బయట వాలులో పెడితే ముక్కు కిందికి, ట్యాంకు పైకి.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా ఎంచకూడదని ఉంది గదా. ఇంజనుకూ ఆ న్యాయమే చేద్దామనుకున్నాను. పుస్తకము ఒక సాక్షి. ఇక ఇంజనును అడగాలి.

బ్యాటరీ సంగతి త్వరగా తేలింది. టెర్మినళ్ళ మీద తెల్లని పొట్టు గీకి, వేడినీళ్ళతో కడిగి, బాడీ ఎర్తు తీగ బిగించాము. సెల్ఫ్ కొంచెము చురుకుగా తిరిగింది, అంతే.

తరువాత హీటరు ప్లగ్గులు. మా ఇంజనులాంటి వాటిలో సిలిండరు తలమీద చిన్న గది ఉంటుంది, డీజిలు మొదట దానిలోకి చిమ్ముతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలు వేడిని మింగేస్తాయి. అందుకని ఒక్కొక్క గదిలో ఒక్కొక్క హీటరు ప్లగ్గు పెడతారు. తాళము సగము తిప్పి, హీటరు లాంపు ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. లాంపు వెలిగితే ప్లగ్గులు పనిచేస్తున్నట్టే అని చాలామంది నమ్ముతారు. కాదు. మా బండిలో లాంపు చక్కగా వెలిగేది. ప్లగ్గుల మీది కలుపుపట్టీ తీసి, పన్నెండు ఓల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్సుకు తగిలించి, రెండవది ఒక్కొక్క ప్లగ్గు తలకు ముట్టించాను. మొదటిదానికి బల్బు వెలిగింది. రెండవదానికి లేదు. మూడవదానికి వెలిగింది. నాలుగవదానికి లేదు. నాలుగింట రెండు చచ్చి ఉన్నాయి. వణుకు ఎక్కడనుండి వచ్చిందో ఇప్పుడు చూడండి. చలిలో రెండు సిలిండర్లు మాత్రమే కాలుతున్నాయి, మిగిలిన రెండింటిలో పడిన డీజిలు కాలక తెల్లపొగై పోతున్నది. ఇంజను వేడెక్కాక అవి కూడా కలుస్తున్నాయి. కొన్ని పాత ఇంజనులలో ప్లగ్గులన్నీ ఒకే తీగలో వరుసగా ఉంటాయి, అక్కడ ఒకటి పోతే అన్నీ పోయినట్టే. మాది అలాంటిది కాకపోబట్టి సగము ప్రాణముతో నడుస్తూ వచ్చింది.

ఈ చోట ఒక హెచ్చరిక. చలికి అందుకోని ఇంజనుకు గాలి గొట్టములో పెట్రోలు గుడ్డ పెట్టేవారిని, ఈథరు కొట్టేవారిని చూశాను. హీటరు ప్లగ్గులున్న ఇంజనుకు ఆ పని ప్రమాదకరము, పిస్టన్లు పగలవచ్చు, గొట్టములో మంట లేవవచ్చు. ఇంజను కింద చితుకుల మంట పెట్టేవారి గురించి చెప్పనే అక్కరలేదు. సెల్ఫ్ కూడా పది పదిహేను క్షణాలకు మించి ఒక్క బిగిని కొట్టకూడదు, కొంచెము ఆగి మళ్ళీ కొట్టాలి.

ఇక రెండవ జబ్బు. దీన్ని పట్టడానికి నాకు రెండు సాయంకాలములు పట్టింది, ఎందుకంటే ఇది కారని లీకు. ట్యాంకునుండి ఫీడ్ పంపు వరకు డీజిలును పంపు పీల్చుకుంటుంది. పీల్చే గొట్టములో చీలిక ఉంటే డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద నేల పొడిగా ఉంటుంది గనుక లీకు లేదంటారు. బండి ఆగి ఉన్న రాత్రంతా ఆ చీలికలోనుండి కొంచెము కొంచెముగా గాలి దూరుతుంది, డీజిలు ట్యాంకులోకి వెనక్కి జారుతుంది, ముక్కు పైకి ఉంటే మరీ త్వరగా జారుతుంది. పొద్దున పంపులో మిగిలిన కాస్త డీజిలుతో ఇంజను అందుకుంటుంది, వెనకాల గాలి రాగానే ఆగిపోతుంది. ఎయిరు పట్టింది అనేది దీన్నే.

పరీక్ష సులువు, పల్లెలో కూడా చేసుకోవచ్చు. ఫీడ్ పంపుకు వచ్చే గొట్టము తీసి, దాని బదులు ఒక మంచి రబ్బరు గొట్టము తగిలించి, రెండవ కొస వడపోసిన డీజిలున్న డబ్బాలో ముంచాలి. చేతి పంపు కొట్టి ఎయిరు తీసి, రాత్రంతా అట్లానే ఉంచాలి. పొద్దున బండి ఆగకుండా నడిస్తే రోగము ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉంది. మా బండి ఆవరణలోనే, ముక్కు పైకే ఉండి, ఆగకుండా నడిచింది. తరువాత ఒక మూర పొడవు తెల్లని ప్లాస్టిక్ గొట్టము మధ్యలో పెట్టి చూస్తే ముత్యాల వరుసలాగా బుడగలు వస్తూ కనబడ్డాయి. ఛాసిస్ కడ్డీకి రాసుకుని ఒరిగిన ఒక రబ్బరు ముక్క, గోరంత చీలిక. దానితోపాటు ఫిల్టరు దగ్గరి రాగి వాషర్లు కూడా మార్చాము. అవి ఒకసారి నలిగాక మళ్ళీ వాడితే సరిగా కూర్చోవు. గొట్టము, వాషర్లు, క్లిప్పులు కలిపి యాభై రూపాయలు దాటలేదు.

ఎయిరు తీయడము కూడా చెప్పాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురుగు వస్తుంది. నురుగు పోయి స్వచ్ఛమైన డీజిలు వచ్చేదాకా కొట్టి, పంపు కొడుతుండగానే స్క్రూ బిగించాలి. ఇదే సమయములో ఫిల్టరు అడుగున నీళ్ళు చేరి ఉంటే వదిలెయ్యాలి. పల్లెల్లో డ్రమ్ములో తెచ్చుకునే డీజిలును ఒక పూట కదపకుండా ఉంచి, పైభాగము మాత్రమే గుడ్డలో వడపోసి పోయడము మంచి అలవాటు. రేషన్ నీలి కిరోసిన్ కలిపి నడిపేవారు అప్పట్లో చాలామంది. డీజిలుకు సహజముగా ఉండే జిడ్డే పంపుకు నూనె. కిరోసిన్ దాన్ని పలచన చేస్తుంది, పంపు లోపల అరిగిపోతుంది. మిగిలే డబ్బు కంటె పంపు ఖరీదు ఎక్కువ.

రెండు జబ్బులూ పోయిన తరువాత పొద్దున్నే అందుకుంటున్నది గాని ఇంకా కొంచెము తడబాటు మిగిలింది. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క నాజిలు పైపు నట్టు కొంచెము వదులు చేసి చూశాను. సిలిండరు పనిచేస్తుంటే నట్టు వదలగానే ఇంజను కుంటుతుంది. మూడవదాని దగ్గర పెద్ద తేడా రాలేదు. ఇది పాత రకపు పంపు ఉన్న ఇంజనులకు మాత్రమే చేయదగిన పని. ఇప్పుడు వచ్చే కామన్ రైల్ ఇంజనులలో డీజిలు వెయ్యి బార్లు దాటిన ఒత్తిడిలో ఉంటుంది, నట్టు వదిలితే ఆ ధార చర్మమును కోసి లోపలికి పోతుంది. వాటి జోలికి పోవద్దు.

నాజిళ్ళు నాలుగూ తీసి, డ్రైవరును వెంటబెట్టుకుని రాణిగంజ్ వెళ్ళాను. సికింద్రాబాదులో బండి సామానంటే రాణిగంజే. బేరింగులు, బెల్టులు, ఫ్యాను బ్లేడ్లు దుకాణాల ముందు తోరణాలలాగా వేలాడుతుంటాయి, సన్నటి సందుల్లో పంపులు, నాజిళ్ళు మాత్రమే చూసే ఉస్తాదులు ఉంటారు. మన దేశములో అప్పుడు ఎక్కువ బండ్లలో ఉన్నవి మైకో పంపులే. బెంగళూరులో 1951లో మొదలైన ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది గాని, పాతవాళ్ళు ఇంకా మైకో అనే అంటారు. ఉస్తాదు నాజిలును పరీక్ష బల్లకు బిగించి, పిడి కిందికి నొక్కాడు. మంచి నాజిలు కిర్రుమని చప్పుడు చేస్తూ పొగమంచులాగా చిమ్ముతుంది, ఆ తరువాత దాని మూతి పొడిగా ఉంటుంది. మూడు అట్లానే చిమ్మాయి. నాలుగవదానినుండి చప్పుడు లేదు, ఒక సన్నని దార, వెనకాల మూతికి వేలాడే చుక్క. "చూడుండ్రి సాబ్, ఇది చిమ్ముతలేదు, ఉచ్చ పోస్తుంది" అన్నాడు. పత్రికలో రాయదగిన మాట కాదేమో గాని అంతకంటె స్పష్టముగా నేను చెప్పలేను. ఆ ధార దగ్గర వేలు పెట్టబోయిన పిల్లవాణ్ణి చెయ్యి మీద ఒక్కటి కొట్టి వెనక్కి లాగాడు.

ఆ చుక్కలోనే మా కోశాధికారిగారి డీజిలు కొంత ఉంది. మిగిలినది పుస్తకములో ఉంది. మళ్ళీ అందుకోదన్న భయముతో డ్రైవరు పల్లెల్లో ఆరాధన జరిగినంతసేపూ ఇంజను ఆపేవాడు కాడు. మూడు ఊళ్ళలో మూడు ఆరాధనలు, మొత్తము అయిదు గంటలు. ఆ తేదీలన్నిటి పక్కన "ఇంజన్ బంద్ చెయ్యలే" అని రాసి ఉంది. ఊరికే నిలబడి నడిచే ఇంజను గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. కిలోమీటరు పెరగదు, డీజిలు తరుగుతుంది.

చివరిగా, అడిగినవారి తృప్తి కొరకు, తెలిసినవారి దగ్గర మీటరు తెచ్చి కంప్రెషన్ చూశాను. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే కూడా పొగ ఎగదన్నలేదు. బోరు చేయవలసిన ఇంజను కాదు. హీటరు ప్లగ్గులు, నాజిలు, గొట్టము, ఫిల్టరు, ఉస్తాదు కూలి అన్నీ కలిపి పదకొండు వందల లోపల అయింది.

ఇప్పటి బండ్లకు కంప్యూటరు ఉంటుంది, ముఖ్యముగా 2020 ఏప్రిల్ నుండి వస్తున్న బీఎస్-6 బండ్లలో. స్టీరింగు కింద చిన్న యంత్రము తగిలిస్తే తప్పు నంబరు చూపిస్తుంది. మంచిదే. కాని ఆ నంబరు ఏ వైపు వెతకాలో చెబుతుంది గాని ఏ ముక్క మార్చాలో చెప్పదు. నంబరు చూసి వరుసగా ముక్కలు మార్చి, రోగము పోక, మళ్ళీ వచ్చినవారిని ఈ మధ్య కూడా చూశాను. చలికా వేడికా, వాలుకా ఎత్తుకా, ఆగాకనా నడిచాకనా అన్నది ఇప్పటికీ ఆ బండి నడిపే మనిషే చెప్పాలి.

కమిటీ మళ్ళీ కూడినప్పుడు నేను చచ్చిన ప్లగ్గులు రెండు, చీలిన రబ్బరు ముక్క, డ్రైవరు పుస్తకము బల్ల మీద పెట్టాను. కోశాధికారిగారు పుస్తకము తీసుకుని తన బిల్లులతో ఒక్కొక్క తేదీ పక్కపక్కన పెట్టి గంటసేపు సరిచూశారు. ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్రోలు బంకు బిల్లులకూ పుస్తకమునకూ ఒక్క చోట కూడా తేడా రాలేదు. మాన్పించాలన్న తీర్మానమును రద్దు చేస్తూ ఇంకొక తీర్మానము రాశారు.

డ్రైవరు దానికి ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదంటే పోట్లాడలేదు. అయ్యగారి దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మినిట్సుల రాస్తె కమిటీకి ఎరుకైతది. నేను డీజిల్ అమ్ముకున్ననని గుడిల అందరికి ఎరుక. మా పిల్లలు సండే స్కూలుకు పోతలేరు" అన్నాడు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. పట్టించిన ఎయిరును పంపు కొట్టి తీయవచ్చు గాని, నోటినుండి నోటికి పోయినదాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

డిసెంబరు రెండవ ఆదివారము ప్రకటనల సమయములో కోశాధికారిగారు తానే లేచి పుల్పిటు కింద నిలబడ్డారు. డీజిలు లెక్క మొత్తము చదివారు, తేదీలతో, లీటర్లతో. తరువాత డ్రైవరు పేరు చెప్పి, ఈయన మీద నేను అన్న మాట నిజము కాదు అన్నారు. వెనుక బల్ల మీద డ్రైవరు భార్య పిల్లలతో కూర్చుని ఉంది. అంతకుముందు రెండు ఆదివారాలు ఆమె రాలేదు.

క్రిస్మసు నాడు వ్యాను తెల్లవారుజామున నాలుగింటికి ఆవరణలోనుండే బయలుదేరింది. రెండవ సెల్ఫుకు అందుకుంది. మెదక్‌లో జనము మధ్య బండి పెట్టడానికి చోటు దొరకక చాలా దూరములో ఆపవలసి వచ్చింది, ముసలివాళ్ళు నడిచారు. రేకులు ఫిబ్రవరిలో వేశాము. డ్రైవరు మరి నాలుగేళ్ళు మా దగ్గర పనిచేసి, ఆ తరువాత సొంతముగా ఒక ఆటో ట్రాలీ కొనుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు పుస్తకములు మూడు నాకు ఇచ్చి, నాలుగవది మాత్రము కొత్తగా వచ్చిన కుర్రవాడి చేతిలో పెట్టాడు.